గోల్ఫ్ కర్ర కొనే ముందు

గోల్ఫ్ మనకు మరీ దూరపు ఆటేం కాదు. కుప్పం దాటి కాస్త ముందుకెళ్తే కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్. గనులు నడిచిన రోజుల్లో ఇంగ్లీషువాళ్లు అక్కడ గోల్ఫ్ మైదానం వేశారు. చౌడేపల్లె, పుంగనూరు నుంచి బెంగళూరు వెళ్లి ఆట మొదలుపెట్టే మన పిల్లలకు వచ్చే సందేహం ఒకటే. ఏ కర్ర కొనాలి?

ముందు డ్రైవర్. మొదటి దెబ్బకు వాడే పొడవాటి కర్ర ఇది. దాని ముఖం వాలును లాఫ్ట్ అంటారు. వాలు ఎక్కువుంటే బంతి తేలిగ్గా లేస్తుంది. కొత్తవాళ్లు 10.5 డిగ్రీలకు తగ్గకండి. చేతి వేగం తక్కువైతే మెత్తటి షాఫ్ట్, అంటే కర్ర కాడ, తీసుకోండి.

తర్వాత ఫెయిర్‌వే వుడ్. నేలమీది బంతిని దూరం కొట్టడానికి ఇది. వాలు తక్కువుండే 3 నంబరు వుడ్ కష్టం. వాలు ఎక్కువుండే 5 నంబరు వుడ్ తేలిక. మొదట 5 వుడ్ చాలు.

ఇక డబ్బు మాట. డ్రైవర్ తల పరిమాణానికీ, బంతిని తన్నే శక్తికీ ఆట నియమాల్లోనే హద్దుంది. ఎంత ఖరీదు పెట్టినా ఆ హద్దు దాటదు. అందుకే రెండు మూడేళ్ల పాత మోడలైనా బాగా పనిచేస్తుంది. వాడిన కర్రయితే ముఖం మీద వేలితో తడిమి చూడండి. సన్నటి పగులున్నా వద్దు. ఊపితే లోపల గలగలమన్నా వద్దు.

గుర్తుంచుకోండి. వాలు ఎక్కువ, షాఫ్ట్ మీ వేగానికి తగ్గది, మోడల్ పాతదైనా సరే. కొట్టి చూశాకే కొనండి.