మనస్సు తడబాటు – మనిషి నేరము కాదు





పరమానందయ్యగారి శిష్యుల కథ మన యిండ్లలో పసిపిల్లలకు సైతము తెలిసినదే. ఏరు దాటిన పిదప తమలో ఎవరైన కొట్టుకొనిపోయిరేమోయని వారు లెక్కపెట్టబోయిరి. లెక్కించువాడు తన్ను విడిచి తక్కినవారినే లెక్కించెను. ప్రతివాడును అట్లే చేసెను. ఒకడు తగ్గినాడని అందరును గొల్లుమని ఏడ్చిరి. మనము విని నవ్వుకొందుము. కాని వేదాంతులు ఇటువంటి కథను నవ్వుటకు చెప్పలేదు. విద్యారణ్యస్వామి పంచదశిలోని తృప్తిదీప ప్రకరణమున 'పదవవాడు' అను దృష్టాంతముగా దీనినే గ్రహించినారు. ఆ శిష్యులకు కన్నులున్నవి, లెక్క వచ్చును, మనుష్యులందరును ఎదుటనే ఉన్నారు. దోషము లెక్కించు మనస్సునందున్నది. ఒక్క విషయము గమనింపుడు: ఏడ్చినవారిలో అబద్ధమాడినవాడు ఒక్కడును లేడు. నేటి ప్రసంగమునకు ఈ మాటయే మూలము.

మనుష్యుని మాట తప్పుటకు మన శాస్త్రకారులు నాలుగు హేతువులను చెప్పినారు. భ్రమ, ప్రమాదము, విప్రలిప్స, కరణాపాటవము. ఒకదానిని మరియొకటిగా తెలిసికొనుట భ్రమ. ఏమరుపాటు ప్రమాదము. ఎదుటివానిని మోసగింపవలెనను కోరిక విప్రలిప్స. కన్ను, చెవి, నాలుక మొదలగు ఇంద్రియముల అశక్తి కరణాపాటవము. ఈ నాలుగింటిలో నేరమనదగినది విప్రలిప్స యొక్కటే. తక్కిన మూడును దేహధారికి సహజములు. అయితే లోకవ్యవహారములో మనము చేయుచున్నదేమి? ఎదుటివాని మాట తప్పినదనగానే తక్కిన మూడింటిని విడిచి, విప్రలిప్సనే వానికి అంటగట్టుచున్నాము.

మొదట ప్రమాదమును చూతము. కండ్లజోడు నొసటిపై నుంచుకొని ఇల్లంతయు వెదకువారు కలరు. చంకలో బిడ్డనుంచుకొని ఊరంతా వెదకినట్లను సామెత ఊరక పుట్టలేదు. తలుపునకు తాళము వేసి, వీధి మలుపు తిరుగగానే వేసితినా లేదా యని వెనుకకు వచ్చువారెందరో! చేయి అలవాటు చొప్పున పని చేసినది. మనస్సు మరియొకచోట నుండెను. మనస్సు అన్యత్ర ఉన్నపుడు కన్ను చూడదు, చెవి వినదు అను విషయమును బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయముననే విచారించినది. 1999లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఇద్దరు పరిశోధకులు దీనినే పరీక్షించి ప్రకటించిరి. బంతి నెన్నిమార్లు అందించుకొనుచున్నారో లెక్కింపుడని చెప్పి ఒక చిత్రమును చూపిరి. ఆటగాండ్ర నడుమకు గొరిల్లా వేషధారి వచ్చి, గుండెలు బాదుకొని వెళ్లెను. చూచినవారిలో సుమారు సగము మందికి ఆ గొరిల్లా కనబడనే లేదు. వారు గ్రుడ్డివారు కారు, అసత్యవాదులును కారు.

ఇక భ్రమ. త్రాడును చూచి పామనుకొన్నవాడు దీపము తెచ్చిన తోడనే నిజము తెలిసికొనును. ఇది నిరుపాధిక భ్రమ. ఎఱ్ఱని పువ్వు ప్రక్కనున్న స్ఫటికము ఎఱ్ఱగా కనబడును. స్ఫటికము తెల్లనిదని తెలిసిన పిదపను, పువ్వు ప్రక్కన ఉన్నంతవరకు ఎఱ్ఱగానే కనబడును. ఇది సోపాధిక భ్రమ. 1889లో ముల్లర్–లయర్ అను జర్మను పండితుడు రెండు సమానమైన గీతలకు చివరల యందు బాణపు మొనలవంటి గుర్తులను, ఒకదానికి లోపలికి, ఒకదానికి వెలుపలికి చేర్చి చూపెను. కొలబద్దతో కొలిచి సమానములని తేల్చుకొన్నవానికి సైతము ఒకటి పొడవుగానే కనబడుచుండును. తెలివి పెరిగినంత మాత్రమున భ్రమ తొలగునని గర్వింపరాదు.

అన్నింటికంటె సూక్ష్మమైనది జ్ఞాపకము. తర్కసంగ్రహము పఠించిన బాలుడు సైతము స్మృతిని అనుభవమునుండి వేరుపరచి చెప్పును. ఆ స్మృతిలో యథార్థము, అయథార్థము అని రెండు విధములున్నవనియు చెప్పును. మనమో, జ్ఞాపకమనగా తాళపత్రముపై గంటముతో వ్రాసిన అక్షరమనుకొందుము. అది తలచినపుడెల్ల మరల అల్లబడుచుండును. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనువారు విద్యార్థులకు కార్లు ఢీకొన్న చిత్రమును చూపిరి. వేగమెంత యని అడుగుటలో కొందరికి 'బలముగా గుద్దుకొన్నపుడు' అనియు, కొందరికి 'తగిలినపుడు' అనియు చెప్పిరి. వారము గడచిన పిదప పగిలిన అద్దము చూచితిరా యని అడుగగా, మొదటి 50 మందిలో 16 మంది, రెండవ 50 మందిలో 7 మంది చూచితిమనిరి. చిత్రములో పగిలిన అద్దమే లేదు! అడిగిన మాట జ్ఞాపకములో కలసి అద్దమును పగులగొట్టినది.

దీనివలన కలుగు హాని స్వల్పము కాదు. 1984లో అమెరికాలోని ఉత్తర కెరొలినా రాష్ట్రమున ఒక విద్యార్థినిపై దుండగుడు అత్యాచారము చేసెను. ఆ ఆపదలోను ఆమె వాని ముఖమును పట్టుదలతో పరిశీలించినది. పిదప పోలీసువారు వరుసగా నిలిపిన మనుష్యులలో రొనాల్డ్ కాటన్ అను యువకుని చూపినది. అతనికి 1985లో శిక్ష పడెను. 1995లో డి.ఎన్.ఏ. పరీక్ష వలన దోషి మరియొకడని తేలినది. నిరపరాధి పది సంవత్సరములకు పైగా చెరలో మగ్గెను. ఆమె అబద్ధమాడలేదు. దృఢముగా నమ్మినదే చెప్పినది. నమ్మకము దృఢమైనంత మాత్రమున మాట సత్యము కానేరదు. తరువాత ఆమె క్షమాపణ కోరగా అతడు క్షమించెను. ఇరువురును కలసి 2009లో తమ కథను గ్రంథముగా ప్రకటించిరి.

మన పూర్వులు మనస్సుయొక్క ఈ స్వభావమునెరిగి, దానికి కావలి పెట్టినారు. పాఠశాలలో గురువు ఒకమారు చెప్పగా శిష్యుడు రెండుమార్లు చెప్పును. దీనినే సంత యందురు. తైత్తిరీయ సంహితలో ఏబది పదములకొక పనసగా లెక్క కట్టి అనువాకము చివర నిలిపినారు. సంహిత, పదము, క్రమము, ఆపైన జట, ఘన. ఘనలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని పదములు ముందుకు వెనుకకు నడచును. నడిమి పదమొక్కొక్కటి 13 మార్లు పలుకబడును. ఒకే మాట రెండు మంత్రములలో వచ్చినపుడు నాలుక ఇచటినుండి అచటికి దూకుట సహజము. ఈ నడకలో అట్టి దూకుడు తరువాతి అడుగుననే పట్టుబడును. 2003లో యునెస్కో సంస్థ వేదపఠన సంప్రదాయమును మానవజాతి మౌఖిక వారసత్వముగా ప్రకటించినది. ఇంతటి రక్షణ చేసినవారు తమ జ్ఞాపకమును నమ్మినవారు కారు, శంకించినవారు. అందువలననే నిలిచినది.

ఇక మన యిండ్లకు వత్తము. అవసానకాలమున తండ్రి 'బావి వైపు చెక్క పెద్దవానిది' అన్నాడని ఒకడు, 'ఇద్దరిది' అన్నాడని ఒకడు. ఇరువురును మంచము ప్రక్కనే కూర్చుండిరి. ఇరువురును విన్నదే చెప్పుచున్నారు. కాని ఒకరినొకరు అబద్ధాలకోరులనుకొని, తద్దినమునాడు సైతము ఒకరి యింట ఒకరు విస్తరి ముందు కూర్చుండరు. చెక్క పోయినను మరల కొనవచ్చును. తోడబుట్టినవాని నెచట కొనగలము?

కావున ముఖ్యమైన మాటను ఆనాడే కాగితముపై వ్రాసి అందరి ఎదుట చదువుడు. విన్నదానిని మరల చెప్పి సరియేనా యని అడుగుడు; అదియే మీ యింటి సంత. ముదుసలి తల్లి అడిగినదే మరల అడిగినచో విసుగుకొనకుడు. ఆమె తెలిసిన వీధిలో దారి తప్పినను, కన్నబిడ్డల పేర్లు మరచినను అది వట్టి మరపు కాకపోవచ్చును. వెంటనే వైద్యునికి చూపుడు.

ఎదుటివాని మాట మీ జ్ఞాపకముతో సరిపడనపుడు, ఇది భ్రమయా, ప్రమాదమా, కరణాపాటవమా అని మూడుమార్లు విచారింపుడు. ఆ మూడును మీయందే ఉన్నవేమో కూడ విచారింపుడు. పదవవానిని వెదకువాడు తన్ను తాను లెక్కించుకొనవలెను గదా!

స్వస్తి.