పూజాపత్రిలోని విషము

శంషాబాదు విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది. దాని చుట్టును రహదారులును, క్రొత్త కాలనీలును పెరిగినవి. అయినను ఊరు దాటి నాలుగడుగులు వేసినచో బీడునేలలలో ఉమ్మెత్తయు, జిల్లేడును నేటికిని కనబడును. జాతీయ రహదారుల నడుమ గన్నేరు పెంచుట పరిపాటి. అది ఎండకు వాడదు, పశువు దానిని మేయదు. పశువు ఏల మేయదో మాత్రము మనము విచారింపము.

ఈ మూడును మనకు క్రొత్తవి కావు. వినాయక చవితినాడు సమర్పించు ఇరువదియొక్క పత్రములలో దత్తూరమనగా ఉమ్మెత్త, అర్కమనగా జిల్లేడు, కరవీరమనగా గన్నేరు. రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై నుంచుకొని స్నానము చేయుదుము. హాలాహలమును కంఠమున నిలిపిన శివునకు ఉమ్మెత్తపూవు ప్రీతియని పెద్దలందురు. విషమును దేవుని కప్పగించి వంటింటికి దూరముగా నుంచిన లోకవివేకము ఇందు గలదని మాకు తోచుచున్నది. పత్రి కోయుటకు పిల్లలను వెంటబెట్టుకొని పోయిన పెద్దలు, ఏ ఆకు నోట పెట్టరాదో చెట్టు దగ్గరనే చెప్పెడివారు. నేడు పత్రి బజారున కట్టలుగా దొరకుచున్నది. ఆ మాట చెప్పు సందర్భము తగ్గినది.

కనుక మరల చెప్పుకొందము. గన్నేరు ఆకు మొదలు వేరు వరకు విషమే. అది గుండె కొట్టుకొను తీరును చెరచును. పచ్చగన్నేరు గింజయు అట్టిదే. ఉమ్మెత్త గింజలు మిరపగింజలను పోలియుండును. తిన్నవానికి నోరెండును, కనుపాపలు పెద్దవగును, మతి చలించును. పూర్వము బాటసారులకు వీనిని ఆహారములో కలిపి పెట్టి దోచుకొనిన దొంగలు గలరు. జిల్లేడుపాలు కంట పడినచో చూపు మసకబారును. గురివింద తన నలుపెరుగదను సామెత అందరము ఎరుగుదుము. ఆ గింజను నమిలినచో ప్రాణహాని యని ఎందరము ఎరుగుదుము?

పిల్లవాడు ఇట్టిది తిన్నాడని అనుమానము కలిగినచో ఇంటి చిట్కాలతో కాలము గడుపరాదు, బలవంతముగా కక్కింపరాదు. వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. తిన్న మొక్క కొమ్మనో, గింజనో చూపినచో వైద్యునకు ఉపకరించును. కంట పాలు పడినచో మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని చూడవలెను.

ఈ మొక్కలను నరికివేయుడని మేము చెప్పుటలేదు. వచ్చు చవితికి పిల్లలను వెంటబెట్టుకొని పత్రికి వెళ్లుడు. ఆకు పేరుతోపాటు దాని గుణమును కూడ చెప్పుడు. ఇంటికి వచ్చిన పిమ్మట వారి చేతులు కడిగింప మరువకుడు.