గోడలోని తీగెలు

ఇల్లు కట్టుకొనువారు గోడల రంగును గూర్చి ఆలోచించినంతగా గోడలలో సాగు తీగెలను గూర్చి ఆలోచింపరు. మా చెల్లెలి ఇంట ఇదే జరిగినది. హాలులోని దీపములను ఫోనుతో వెలిగించి, ఆర్పి, కాంతిని తగ్గించుకొనుటకు ఒక క్రొత్తరకపు స్విచ్చి తెచ్చినారు. పాత స్విచ్చి విప్పి చూడగా పెట్టెలో న్యూట్రలు తీగె లేదు. మన ఇండ్లలో చాలచోట్ల ఫేజు తీగె మాత్రమే స్విచ్చి వరకు దిగి, మరల దీపమునకు పోవును. మామూలు స్విచ్చికి అది చాలును. కాని ఈ స్విచ్చి దీపము ఆరినప్పుడును తాను మేలుకొని ఉండవలెను. న్యూట్రలు లేకుండ పనిచేయు రకములు ఆ కొద్ది విద్యుత్తును దీపము గుండానే రాబట్టును, ఆర్పిన ఎల్.ఇ.డి. దీపము కొన్నిచోట్ల మినుకుమనుట అందువల్లనే. చివరకు రంగు వేసిన గోడకు గాడి కొట్టవలసి వచ్చినది. పూతకు ముందైనచో కొన్ని గజముల తీగెతో పోవు పని!

పైకప్పు అంచున వెలుగు పట్టీదీపముల సంగతి మరొకటి. 12 వోల్టులే గదా అని సన్నని తీగె వేయుదురు. ఇచ్చటనే పొరపాటు. 60 వాట్ల దీపము 230 వోల్టులపై పావు ఆంపియరు చిల్లర తీసుకొనగా, 12 వోల్టులపై 5 ఆంపియర్లు కోరును. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగెకు కిలోమీటరుకు సుమారు 18 ఓముల నిరోధము. పది మీటర్ల దూరమునకు రాకపోకలు కలిపి ఇరువది మీటర్లు, అనగా 0.36 ఓము. దారిలోనే 1.8 వోల్టు పోవును, దీపము మసకబారును. 24 వోల్టుల పట్టీ అయినచో పోవునది 0.9 వోల్టు మాత్రమే. లేదా లావు తీగె వేయవలెను. వోల్టేజి తగ్గించు డ్రైవరు పెట్టెను దీపమునకు చేరువగా ఉంచుటయు మంచిదే, కాని గాలి ఆడనిచోట మూసివేయరాదు; చేయి అందవలెను. 60 వాట్ల దీపమునకు 75 వాట్ల పెట్టె తీసుకొనుట మేలు.

అదుపు సంకేతములను మోయు సన్నని తీగెలకు వేరు గొట్టము ఉండవలెను. డిమ్మరు తీగెల ప్రక్కన మైకు తీగె సాగినచో ఆ రొద ప్రసంగములో వినబడును. స్టూడియోలో పనిచేయు మాకిది అనుభవమే. ఇంటిలో రొద కంటె ప్రమాదము పెద్దది. తొడుగు చెడినచో 230 వోల్టులు ఆ సన్నని తీగెకు ఎక్కును.

ఫోనులో ఆరినట్లు కనబడినంత మాత్రమున తీగెలో విద్యుత్తు లేదని నమ్మరాదు. దీపములకు విడిగా ఎం.సి.బి. పెట్టించి, దానిని దింపిన పిమ్మటనే చేయి పెట్టవలెను. మెట్లకు, వంటింటికి ఒక్కొక్క దీపమును పాతరకపు స్విచ్చికే వదలుడు. అదుపుపెట్టె చెడిన రాత్రి అదే దిక్కు.

ఇక పూతమేస్త్రి వచ్చుటకు ముందు ప్రతి గోడకు ఒక ఫోటో తీసి దాచుకొనుడు. పటము తగిలించుటకు మేకు కొట్టు రోజున అది అక్కరకు వచ్చును.