నోట్‌ప్యాడ్‌లో తెలుగు పోయిందా? సేవ్ కొట్టకండి!

ఫోన్‌లో టైప్ చేసిన తెలుగు నోట్స్ కంప్యూటర్ నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయా? కంగారులో సేవ్ మాత్రం కొట్టకండి. టోపీలు, కొమ్ములు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు కనబడితే మీ తెలుగు లోపల భద్రంగానే ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు. నోట్‌ప్యాడ్ వాటిని విడివిడిగా చదివేస్తోంది, అంతే! ఫైల్, ఓపెన్‌కి వెళ్లి, కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని అదే ఫైల్ మళ్లీ తెరవండి. ఖాళీ డబ్బాలొస్తే ఫాంట్ గొడవ, అది చిన్నదే.

కానీ వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే... ఎవరో ఆన్సీలో సేవ్ చేసేసి ఉంటారు. ఆ ఫైల్లోంచి తెలుగు ఇక తిరిగి రాదు, ఏ యాప్ వల్లా కాదు. ఫోన్‌లో ఒరిజినల్ ఉందేమో వెతకండి. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి కొత్త ఫైళ్లు యూటీఎఫ్-8లోనే సేవ్ అవుతున్నాయి. నెట్ సెంటర్లో పాత సిస్టమ్ అయితే సేవ్ యాజ్‌లో మీరే మార్చుకోవాలి.