క్రూ రూమ్ కబుర్లు: మన వైమానిక దళపు నోటి చరిత్ర



ఎవరి స్మృతిలో ఇవాళ కలుసుకున్నామో ఆయన హకీంపేటలో ఎందరికో విమానం నడపడం నేర్పారు. పాఠం పుస్తకంతో మొదలుపెట్టినా కాసేపటికి దాన్ని మూసి పక్కన పెట్టి, "మా రోజుల్లో ఒకడుండేవాడయ్యా" అని అందుకునేవారని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్తారు. అందుకే యుద్ధాల చరిత్ర కాకుండా, పైలట్లు ఒకరికొకరు చెప్పుకునే కథల చరిత్రను ఈ ఉపన్యాసానికి ఎంచుకున్నాను. ఆ కబుర్లను నేను కాలక్షేపంగా చూడను. వైమానిక దళం ప్రాణాలు కాపాడుకున్నదీ, రికార్డుల్లో మిగిలిపోయిన ఖాళీలు పూడ్చుకున్నదీ చాలావరకు వాటితోనే.

క్రూ రూమ్ ఎరగనివారి కోసం ముందుగా ఒక మాట. విమానాలు నిలిపే చోటికి దగ్గర్లోనే ఉంటుంది ఆ గది. కుర్చీలు, టీ కప్పులు, గోడకు మ్యాపు, ఆనాటి వాతావరణం రాసిన బోర్డు. అక్కడ పైలట్ కథ మొదలుపెడితే చేతులు ఊరుకోవు. కుడి అరచేయి తన విమానం, ఎడమ అరచేయి ఎదుటివాడిది. ఎడమ చేయి పక్కకు వాలుతుంది. కుడిది దాని మణికట్టు వెనక్కి చేరుతుంది, వేళ్ళు కాస్త పైకి లేస్తాయి. వినేవాళ్ళ చూపంతా ఆ రెండు అరచేతుల మధ్యనున్న జానెడు ఎడం మీదే. అంతలో ఎవరో "అప్పుడు నీ స్పీడెంత?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నతో కబుర్లు పాఠంలోకి తిరుగుతాయి. చెప్పేవాడు గొప్పలు పోతున్నాడో నిజం చెప్తున్నాడో అక్కడే తేలిపోతుంది, ఎందుకంటే వినేవాళ్ళందరూ ఆ విమానాన్నే నడిపినవాళ్ళు.

ఈ సంప్రదాయం మన దళం కంటే పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఫ్లయింగ్ కోర్‌లో చేరిన భారతీయులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వారిలో హర్దిత్ సింగ్ మాలిక్ తలపాగా తీయనన్నారు. దాని మీద పట్టేటట్టు పెద్ద హెల్మెట్ ప్రత్యేకంగా కుట్టించుకుని సాప్‌విత్ కామెల్ నడిపారు. 1917లో కాలికి తగిలిన తూటాలు రెండు, ఆయన ఒంట్లోనే చివరిదాకా ఉండిపోయాయి. ఇంద్రలాల్ రాయ్‌ది మరో కథ. విమానం కూలిన తర్వాత చనిపోయాడనుకుని శవాల గదిలో పడుకోబెడితే, స్పృహ వచ్చి తలుపులు బాదాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో ఎంత నిజమో, ఎంత కల్పనో గాని 1918 జూలైలో జరిగినదానికి మాత్రం లెక్క ఉంది. పట్టుమని రెండు వారాలు కూడా కాకుండానే గాలిపోరులో 10 విజయాలు. జూలై 22న మరణం. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఆ యుద్ధంతో మన హైదరాబాదుకూ బంధముంది. బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు నిజాం డబ్బుతోనే డిహెచ్-9ఎ విమానాలు వచ్చాయి. ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ చిహ్నం నిజాం తలపాగాయే.

మన దళం చట్టరీత్యా పుట్టింది 1932 అక్టోబరు 8న. 1933 ఏప్రిల్ 1న కరాచీ డ్రిగ్ రోడ్డులో మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది. నాలుగు వాపిటీ విమానాలు, క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందిన ఐదుగురు పైలట్లు, హవాయి సిపాయిలనే కాసినిమంది నేల సిబ్బంది. వాపిటీకి కాక్‌పిట్ మీద కప్పే లేదు. వాయవ్య సరిహద్దు కొండల మీద ఎగిరేవాళ్ళు జేబులో స్థానిక భాషల్లో రాసిన ఒక చీటీ పెట్టుకునేవారు. ఈ మనిషిని క్షేమంగా అప్పగిస్తే బహుమానమిస్తామన్నది అందులోని సారాంశం. ఆ చీటీ ఎందుకో కొత్తవాడికి ఎవరూ క్లాసులో చెప్పలేదు. మెస్‌లో సీనియర్లు చెప్పే కథలే దాని అర్థం విప్పేవి.

1942లో బర్మా యుద్ధం వచ్చింది. కె.కె. మజుందార్‌ని అందరూ జంబో అని పిలిచేవారు. ఆయన స్క్వాడ్రన్‌కు ఇచ్చినవి లైసాండర్లు. అవి పైనుంచి చూసి కబురు తేవడానికి పనికొచ్చే నెమ్మది విమానాలు, దాడులకు తయారైనవి కావు. వాటికి బాంబులు తగిలించి, తాంగూ నుంచి బయల్దేరి, సరిహద్దు దాటి థాయిలాండ్‌లోని జపాన్‌వారి స్థావరం మీద దాడి చేశారు. ఉన్నదానితో పని జరిపించడమనే గుణం మన దళానికి అక్కడే అబ్బిందని నా నమ్మకం. 1945లో లాహోరులో విమాన ప్రమాదం ఆయన్ను తీసుకుపోయింది. ఆయన కథలు మాత్రం ఆయన్ను చూడని తరాలకు కూడా అందాయి.

అదే గుణం 1948 మే 24న లేహ్‌లో కనిపించింది. మేహర్ సింగ్‌ని బాబా అనేవారు. ఆయన నడిపిన డకోటా విమానంలో ఆక్సిజన్ వసతి లేదు, లోపలి గాలి పీడనాన్ని నిలబెట్టే ఏర్పాటూ లేదు. అంత ఎత్తుకు ఎగరడానికి ఆ విమానాన్ని తయారు చేయనూ లేదు. దారికి సరైన మ్యాపు లేదు. సింధు నది ఒడ్డున ఇంజనీరు సోనం నోర్బు చదును చేయించిన ఇసుక నేల తప్ప రన్‌వే అనదగ్గదేదీ అక్కడ లేదు. పక్కన జనరల్ తిమ్మయ్యను కూర్చోబెట్టుకుని, సముద్రమట్టానికి 10 వేల అడుగులకు పైనున్న ఆ నేల మీద ఆయన దిగారు. ఆ తర్వాత దిగిన ప్రతి పైలట్‌కూ ఆ దారి ముందు నోటిమాటగానే అంది ఉంటుంది: ఏ మలుపు దగ్గర ఎంత ఎత్తు ఉండాలి, ఏ లోయ గుడ్డిది, గాలి ఎప్పుడు తిరగబడుతుంది. రాతప్రతి వచ్చేదాకా ఆ దారికి మ్యాపు కబుర్లే.

లేహ్‌కు ముందు సంవత్సరం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1947లో దేశ విభజనతో ఫైళ్ళు, విమానాలు, మనుషులు రెండుగా విడిపోయారు. ఒకే మెస్‌లో కబుర్లు చెప్పుకున్నవాళ్ళు రెండు దేశాల వాళ్ళయ్యారు. మన నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్‌ని పాకిస్తాన్ దళంలోకి రమ్మని అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పిలిచారు. ఆయన వెళ్ళలేదు. 1978లో మన వైమానిక దళాధిపతి అయ్యారు. ఆయన హయాంలోనే 1979లో జాగ్వార్ యుద్ధ విమానాలు వచ్చాయి. పదవులన్నీ ముగిశాక హైదరాబాదుకే చేరి, 2018లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన్ను పిలిచిన ఇద్దరూ తర్వాత పాకిస్తాన్ వైమానిక దళానికి నాయకత్వం వహించారు. పాత పరిచయాలు మాత్రం పూర్తిగా తెగలేదు. 1965 ఏప్రిల్‌లో కచ్ ఘర్షణ మొదలైనప్పుడు అస్గర్ ఖాన్ నేరుగా అప్పటి మన వైమానిక దళాధిపతి అర్జన్ సింగ్‌కి ఫోన్ చేశారు. ఇద్దరూ తమ విమానాలను ఆ పోరుకు దూరంగా ఉంచారు. ఆ సెప్టెంబరులో యుద్ధం వచ్చినప్పుడు మాత్రం ఏ ఫోనూ పనిచేయలేదు.

సెప్టెంబరు 7 తెల్లవారుజామున పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరం మీద దాడికి ఆదంపూర్ నుంచి మిస్టేర్ విమానాలు బయల్దేరాయి. అజ్జమాడ బోపయ్య దేవయ్య కూర్గ్‌కు చెందినవారు. ఆయన ఆ రోజు స్టాండ్‌బై. ఎవరి విమానమైనా మొరాయిస్తేనే ఆయనకు పని. అయినా గాల్లోకి లేచి జట్టుతో కలిశారు. జట్టు తిరిగొచ్చింది, ఆయన రాలేదు. ఏం జరిగిందో చూసిన సహచరుడు ఒక్కడూ లేడు. రికార్డులో ఒక ఖాళీ మిగిలింది, ఇంట్లో ఎదురుచూపు మిగిలింది.

నిజం అవతలి వైపు నుంచి బయటపడింది. 1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ ఆ యుద్ధం మీద రాసిన పుస్తకంలో, పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ నడిపిన అమ్జద్ హుస్సేన్ ఉదంతం అచ్చయింది. ఒక మిస్టేర్‌ని తరిమి కొట్టాననుకున్నాడాయన. దెబ్బతిన్న ఆ మిస్టేర్ పారిపోలేదు, వెనుదిరిగి కలబడింది. ధ్వనికంటే రెండింతల వేగంతో పోగల స్టార్‌ఫైటర్‌ని, సమతలంగా ఎగిరేటప్పుడు ధ్వని వేగం కూడా అందుకోలేని విమానం కూల్చేసింది. అమ్జద్ పారాషూట్‌తో దిగి బతికాడు. ఆ తెల్లవారుజాము దాడి నుంచి తిరిగిరానివారెవరో మనవాళ్ళు లెక్కచూసుకుంటే తేలిన పేరు దేవయ్య ఒక్కరిదే. ఆయన సహచరులు పట్టువదలకుండా అడిగారు. 1988లో, 23 ఏళ్ళ తర్వాత, మహావీర్ చక్ర ఆయన భార్య చేతికి అందింది. ఆ అవతలి పైలట్ తన ఓటమిని ఉన్నదున్నట్టు చెప్పి ఉండకపోతే దేవయ్య ఇప్పటికీ ఆచూకీ తెలియనివాళ్ళ జాబితాలోనే ఉండేవారు. మన పరమశౌర్యాలలో ఒకదానికి సాక్షి మన శత్రువు. చరిత్రకారులు పత్రాలను ఎంతైనా నమ్మవచ్చు గాని, పైలట్లు పైలట్లతో చెప్పుకునే మాటకు ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం నాకు కనబడలేదు.

అదే యుద్ధంలో సెప్టెంబరు 19న గుజరాత్ ముఖ్యమంత్రి బల్వంత్‌రాయ్ మెహతా ప్రయాణిస్తున్న చిన్న పౌర విమానాన్ని పాకిస్తాన్ పైలట్ ఖైస్ హుస్సేన్, పైనుంచి వచ్చిన ఆదేశం మేరకు కూల్చాడు. ఆ విమానం నడిపినది జహంగీర్ ఇంజనీర్, మన దళపు తొలితరం పైలట్లలో ఒకరు. 46 ఏళ్ళ తర్వాత, 2011లో, హుస్సేన్ ఆయన కుమార్తెను వెతికి పట్టుకుని ఉత్తరం రాశాడు. ఆనాడు జరిగినదంతా చెప్పి, తన విచారం తెలిపాడు. ఆమె క్షమతో జవాబు రాసింది. ఇన్నేళ్ళ మౌనం మోసినవాడికి కథ చెప్పుకోవడమే ఊరట అయ్యిందనిపిస్తుంది. దాన్ని విన్నామె మనసు ఎంత పెద్దదో నాకు మాటల్లో చెప్పడం రాదు.

1971 యుద్ధం తర్వాత రావల్పిండి ఖైదు శిబిరంలో పన్నెండుమంది మన పైలట్లు. క్రూ రూమ్ అక్కడికీ వెంటవచ్చింది. దిలీప్ పారుల్కర్, తాను పట్టుబడితే తప్పించుకుని తీరతానని యుద్ధానికి ముందే అనేవాడని సహచరుల మాట. 1972 ఆగస్టు 13 తెల్లవారకముందే ఆయన, మల్విందర్ సింగ్ గ్రేవాల్, హరీష్ సింహ్‌జీ గోడకు కన్నం వేసి, గాలివానలో బయటపడ్డారు. పాకిస్తాన్ దళంవాళ్ళమే, సెలవుల్లో ఉన్నామంటూ మారుపేర్లతో బస్సెక్కి పెషావరు చేరి, లండీ కోటల్ దాకా వెళ్ళారు. అఫ్గాన్ సరిహద్దు కొద్ది మైళ్ళే మిగిలింది. లండీ ఖానా స్టేషన్‌కి దారెటు అని అడిగారు. పాత మ్యాపులో రైలుమార్గం అక్కడిదాకా ఉంది. కాని బ్రిటిష్ వాళ్ళు ఆ స్టేషన్ 1932లోనే మూసేశారు. ఆ పేరెత్తగానే స్థానికులకు అనుమానం వచ్చింది. అఫ్గానిస్తాన్‌కి పారిపోతున్న బెంగాలీలేమో అనుకుని పట్టుకున్నారు. తహసీల్దారు దగ్గర పరిస్థితి ముదిరినప్పుడు పారుల్కర్, ఖైదు శిబిరాన్ని నడిపిన పాకిస్తాన్ అధికారి ఉస్మాన్ హమీద్‌కి ఫోన్ చేయించమని పట్టుబట్టి ముగ్గురి ప్రాణాలూ నిలబెట్టారు. పాత మ్యాపును నమ్మి ముగ్గురు పట్టుబడ్డారు. కొత్తవాడు పాతవాడిని "ఇప్పుడు అక్కడ ఎలా ఉంది?" అని ఎందుకడుగుతాడో దీనికి మించిన ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఇక నేర్చుకోవడంలో కబుర్ల పాత్ర. 1941లో బ్రిటిష్ దళం 'టీ ఎమ్' అనే శిక్షణ పత్రిక తెచ్చింది. అందులో పైలట్ ఆఫీసర్ ప్రూన్ అనే కల్పిత అధికారి చేయకూడని పనులన్నీ చేసి, విమానాలు విరగ్గొట్టేవాడు. ఆదేశాల ఫైలు చదవనివాళ్ళు ప్రూన్ కోసం పత్రిక లాక్కుని చదివేవారు. మన దళానికి ఆ అవసరం మిగ్-21తో వచ్చింది. 1963లో వచ్చిన ఆ విమానం గంటకు 300 కిలోమీటర్లకు పై వేగంతో నేలకు దిగుతుంది. కుర్రవాళ్ళను అందుకు సిద్ధం చేయగల హాక్ శిక్షణ విమానం మనకు బీదర్‌లో చేరింది 2008లో. మధ్యలో గడిచిన దశాబ్దాల్లో ఎందరో యువకులు పోయారు. శిక్షణ విమానం ఇవ్వలేని అనుభవాన్ని సీనియర్లు సాయంత్రాలు కూర్చుని మాటల్లో ఇచ్చారు. మాటలు ఆ లోటును పూర్తిగా పూడ్చలేకపోయాయి, ఆ బాధ్యత కథలు చెప్పినవాళ్ళది కాదు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 చివరిసారి ఎగిరి విరమించింది. 62 ఏళ్ళు ఆ విమానాన్ని నడిపిన తరాలకు ఇక అది కథల్లోనే ఉంటుంది. ఆ కథలను ఇప్పుడే దక్కించుకోవాలి.

దుండిగల్ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. అక్కడే 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నియమితులయ్యారు. క్రూ రూమ్ కబుర్లలోకి వాళ్ళ గొంతులు ఇప్పుడిప్పుడే చేరుతున్నాయి. కార్గిల్‌లో చీతా హెలికాప్టర్లు నడిపిన గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్‌లను మనం ఎంతకాలం తర్వాత విన్నామో గుర్తుంటే, ఈసారి అంత ఆలస్యం చేయం.

ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ ఎగిరినవాళ్ళ కథలు. కాని విమానం ఎక్కే ముందు పైలట్ ఒక పుస్తకంలో సంతకం పెడతాడు. దాన్ని దళంలో ఫారం 700 అంటారు. ఈ విమానం సిద్ధంగా ఉందని ముందు సంతకం చేసేవాడు టెక్నీషియన్. అతని చేతికి గ్రీజు ఉంటుంది. పేరు పుస్తకాల్లోకి ఎక్కదు. పైలట్ వెళ్ళాక అతను నేల మీదే ఉంటాడు, రావలసిన వేళ దాటితే గడియారం చూస్తాడు. దళం నిలిచింది వీళ్ళ మీద. ఇక్కడి నుంచి ఎయిర్‌మెన్‌గా వెళ్ళిన తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ఇంజన్ విప్పి తెల్లారేలోగా బిగించినవాళ్ళూ, తిరిగిరాని విమానం కోసం రన్‌వే చివర నిలబడ్డవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. వాళ్ళ కథలు తెలుగులో చాలా తక్కువగా అచ్చయ్యాయి. ఇంట్లో మనవలకు కూడా పూర్తిగా చెప్పలేదు.

ఈ హాలులో ముందు వరుసల్లో ఆ సంతకాలు పెట్టినవాళ్ళు కూర్చున్నారు. నిర్వాహకులు రికార్డింగ్ ఏర్పాటు చేశారు. సభ ముగిశాక ఒక గంట ఇక్కడే ఉండమని వాళ్ళందరినీ కోరుతున్నాను. పైలట్ల కథలు విన్నారు కదా. ఇక మీవి మొదలుపెట్టండి.