మెట్టసీమ విద్యార్థికి సముద్రశాస్త్రము



గుమ్మఘట్ట ప్రాంతమున పుట్టిన బాలబాలికలలో పెక్కుమంది సముద్రమును కంటితో చూడకయే హైస్కూలు చదువు ముగింతురు. అట్టివారికి సముద్రశాస్త్రమెందులకని తలిదండ్రులడుగుట సహజము. వేరుసెనగ విత్తిన రైతు ఆకాశమువంక చూచునే గాని సముద్రమువంక చూడడు. అయినను ఆ మేఘమునకు పుట్టినిల్లు సముద్రమే.

అరేబియా సముద్రమునుండి వచ్చు నైరృతి పవనములు పడమటి కనుమలనెక్కుచు తమ తేమలో అధికభాగమును అచ్చటనే కురియును. బంగాళాఖాతమునుండి వచ్చు ఈశాన్య పవనములు ఇంతదూరము చేరునప్పటికి బలహీనపడును. రెండు సముద్రముల నడుమనుండియు రెంటికిని దూరమైన నేల యిది. అందుచేతనే అనంతపురము జిల్లా సగటు వర్షము ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉన్నది.

1876-78 నాటి మహాక్షామమును పెద్దలు ధాత, ఈశ్వర సంవత్సరముల కరువని చెప్పుకొనిరి. నాడు జనులు గ్రహములను, కర్మమును నిందించిరి. 1877లో ఎంతో దూరముననున్న పసిఫిక్ మహాసముద్రము అసాధారణముగా వేడెక్కియుండెననియు, ఆ క్షామము అంత తీవ్రమగుటకు అదియొక ముఖ్యకారణమనియు శాస్త్రజ్ఞులు తరువాత గ్రహించిరి. ఆ వేడిమికే ఎల్ నినో అని పేరు. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణశాఖకు అధిపతిగానున్న గిల్బర్ట్ వాకర్, దూరసముద్రములపై గాలి ఒత్తిడికిని ఇచ్చటి వానలకును గల సంబంధమును అంకెలతో వెదకెను. 2002, 2009, 2015 సంవత్సరములలో ఎల్ నినో వచ్చెను, దేశమున వానలు తగ్గెను. 1997లో ఎల్ నినో బలముగానున్నను వానలు తగ్గలేదు. శాస్త్రము జోస్యము కాదు. అది సంభావ్యతను తెలుపునని విద్యార్థి నేర్వవలసినదిచ్చటనే.

హైస్కూలులో సముద్రశాస్త్రమను ప్రత్యేక పాఠ్యవిషయము లేదు. అది భూగోళమునందును, భౌతిక, జీవశాస్త్రములందును చెదరియున్నది. దానిని కూర్చిచెప్పుటకు తీరమునకు పోనక్కరలేదు. ఒక పళ్ళెమున మట్టిని, మరియొక పళ్ళెమున నీటిని ఎండలోనుంచి గంటకొకమారు వేడిమి కొలిచినచో, మట్టి త్వరగా వేడెక్కుటయు నీరు నిదానించుటయు తెలియును. రుతుపవనముల రహస్యములో సగము ఆ పళ్ళెములలోనే యున్నది. భైరవానితిప్ప జలాశయము గట్టుపై నిలిచి ఉపాధ్యాయుడు నీటిదారిని చెప్పవచ్చును. వేదవతి తుంగభద్రలో కలియును. తుంగభద్ర కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవికడ సముద్రము చేరును. ఈ ఊరి వాగునీరు సైతము సాగరమునకు బంధువే.

ఈ విద్యకు ముందుదారియు కలదు. 1950వ దశకమున విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వవిద్యాలయములో, అమెరికా శాస్త్రజ్ఞుడు లఫాండ్ సహకారముతో బంగాళాఖాతమును గూర్చి పరిశోధన సాగెను. నేడు గోవాయందున్న జాతీయ సముద్రశాస్త్ర సంస్థ 1966లో వెలసెను. 1999లో జాతీయ సముద్ర సమాచార కేంద్రము ఏర్పడినది తీరమున గాదు, హైదరాబాదున. చేపలు లభించు తావులను జాలరులకు తెలుపుటయు, 2007 నుండి సునామీ హెచ్చరికలు పంపుటయు దాని పనులు. సముద్రమునెరుగుటకు అలలచెంతనే పుట్టవలెనను నియమము లేదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? గణిత, భౌతిక, జీవశాస్త్రములలో గట్టి పునాది యున్న మెట్టసీమ విద్యార్థి అచ్చటికి పోగలడు.

గ్రంథాలయము ఇందు చేయదగిన పని చిన్నదే. గోడపై ఒక ప్రపంచపటము, ప్రాంగణమున ఒక వర్షమాపకము, బల్లపై ఒక వర్షపు పుస్తకము ఉంచవలెను. హైస్కూలు విద్యార్థులు ప్రతి వానను కొలిచి అందు వ్రాయవలెను. ప్రక్కనే ఆ యేటి సముద్రపు వేడిమిని గూర్చిన వార్తను చేర్చవలెను. ఇరువదియైదు సంవత్సరములు ఆ పుస్తకము తప్పక సాగినచో, స్వర్ణోత్సవమునాటికి ఈ ఊరి రైతుకు తన పొలముపై కురిసిన వాన చరిత్ర తన గ్రంథాలయముననే లభించును. కరువును ఆపుట ఎవరి తరమును గాదు. కరువును ముందుగా గుర్తించి, విత్తనమును, అప్పును, పశుగ్రాసమును సరిచూచుకొనుట చదువుకొన్న ఊరికి సాధ్యము.