చిన్న కెమెరాను మన తండాలోనే పరీక్షిద్దాం

(కౌతాళంలో జరిగిన మన సాంస్కృతిక సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. ఆదోనిలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి బతికినవాణ్ణి. మన తండాల్లోని పెద్దవాళ్ళ ఫోటోలు, పాత పేటియాలు, కాంచళులు, తీజ్ పండుగ, ఇవన్నీ మనమే తీసి దాచుకోవాలని సంఘం అనుకుంది. బీరువాల్లో పడి ఉన్న చిన్న డిజిటల్ కెమెరాలు ఇవ్వమని అడిగితే చాలామంది ఇచ్చారు. వాటిలో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చే పని నాకు అప్పజెప్పారు. ఎలా తేల్చాలో మీకే చెబితే, ప్రతి తండాలో ఆ పని మీరే చేసుకోగలరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను. 2009లో కొత్తగా కొన్న చిన్న కెమెరా పట్టుకుని ఒక తండాకు పోయాను. డబ్బా మీద 12 మెగాపిక్సెల్ అని పెద్ద అక్షరాలు ఉన్నాయి, నాకు అదే ధైర్యం. అక్కడ ఒక ముసలి యాడి ఉండేది. రోజూ పూర్తి వేషంలో ఉండేది ఆ తండాలో అప్పటికి ఆమె ఒక్కతే. మిట్టమధ్యాహ్నం ఎండలో, సున్నం కొట్టిన గోడ ముందు నిలబెట్టి పది ఫోటోలు తీశాను. కెమెరా వెనక తెర మీద బాగానే కనిపించాయి.

మూడేళ్ళకు ఆమె పోయింది. దినం నాడు పెట్టుకోవడానికి పెద్ద ఫోటో కావాలని కొడుకు వచ్చాడు. పెద్దది చేసి చూస్తే ముఖం నల్లటి మచ్చలా ఉంది. కళ్ళు కనపడలేదు. అద్దాలు తెల్లగా కాలిపోయినట్టున్నాయి. ఎర్ర కాంచళి మీద ఒక్క కుట్టు కూడా తెలియలేదు, గోడకు రంగు పూసినట్టు ఉంది. "ఈమె మా యాడేనా అన్నా?" అని అడిగాడు ఆ పిల్లోడు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ తీద్దామంటే మనిషి లేదు.

ఎందుకిలా జరిగిందో తర్వాత నేర్చుకున్నాను. కెమెరా చాలాసార్లు మనిషి ముఖాన్ని, గోడను వేరుగా చూడదు. ముందున్నదంతా కలిపి నడిమి బూడిద రంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. తెల్ల గోడ, మెరిసే అద్దాలు ఎదురుగా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఆ తగ్గింపు మన నల్లటి ముఖాల మీద పడుతుంది. ఇది ఈనాటి సంగతి కూడా కాదు. ఫిల్మ్ కాలంలో ఫోటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన షిర్లీ కార్డు మీద చాలా ఏళ్ళు తెల్లతోలు ఆడమనిషి బొమ్మే ఉండేది. వేరే రంగుల మనుషులున్న కార్డులు రావడానికి 1990ల దాకా పట్టింది. కాబట్టి మన ముఖం మీద కెమెరా ఎలా పని చేస్తుందో మనమే చూసుకోవాలి.

రెండో సంగతి సెన్సార్. మామూలు చిన్న కెమెరాలో బొమ్మ పడే ఆ చిప్పు సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. కాంచళి మీద కుట్టే అద్దం కన్నా చిన్నది. అందులో 12 మెగాపిక్సెళ్ళు ఇరికించినా, 20 ఇరికించినా, లోపలికి వచ్చే వెలుగు అంతే. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 కూడా జేబులో పట్టే కెమెరానే, కానీ దాని సెన్సార్ 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. అంటే వైశాల్యంలో నాలుగు రెట్లు. అందుకే డబ్బా మీద మెగాపిక్సెళ్ళు చూడకండి, సెన్సార్ కొలత చూడండి.

మూడోది ఎరుపు. 1976లో కొడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్‌కు పేటెంట్ వచ్చిన పద్ధతే ఇప్పటికీ చాలా కెమెరాల్లో ఉంది. దాంట్లో సగం పిక్సెళ్ళు పచ్చ రంగును, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని పట్టుకుంటాయి. మిగిలింది కెమెరా లెక్క కట్టి నింపుతుంది. మనది ఎర్రబట్ట. అంటే ఆ బట్ట మీది కుట్టును ఎక్కువగా మోసేది పావు వంతు పిక్సెళ్ళే. పైగా చుక్కలు కనపడకుండా కెమెరా బొమ్మను నున్నగా చేస్తుంది. ఆ నునుపులో దారాలు పోతాయి.

ఇప్పుడు పరీక్ష. ఇది నాలుగు ఫోటోల పని. ప్రతి కెమెరాతో ఒకే చోట, ఒకే గంటలో తీయండి. కెమెరాను చేత్తో పట్టుకోకుండా గట్టు మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్ వాడండి. లేకపోతే చేతి వణుకును కెమెరా లోపమనుకుంటాం.

మొదటి ఫోటో: కాంచళి వేసుకున్న పెద్దావిడ ముఖం. ఎండలో ఒకటి, వేపచెట్టు నీడలో ఒకటి. కళ్ళ కింది ముడతలు కనపడాలి, అద్దం చుట్టూ ఉన్న దారమూ కనపడాలి. ఎండలో రెండూ కుదరకపోతే తప్పు లేదు, ఖరీదైన కెమెరాకూ అది కష్టమే. నీడలో కూడా కుదరకపోతే ఆ కెమెరా పక్కన పెట్టండి. ప్లస్, మైనస్ గుర్తున్న బొత్తాంతో వెలుగు పెంచి, తగ్గించి చూడండి. ఆ సౌకర్యం లేని కెమెరా మన పనికి రాదు.

రెండో ఫోటో: కుట్టు. బట్టను నీడలో పరిచి దగ్గర నుంచి తీయండి. రంగులు మెరిపించే వివిడ్ మోడ్ తీసేయండి, ఎరుపు ముద్దయ్యేది దానివల్లే. డిజిటల్ జూమ్ వద్దు, ఉన్నదాన్ని సాగదీయడమే అది. తర్వాత కంప్యూటర్లో వంద శాతం సైజులో చూసి, ఒక్కో పోగు విడిగా కనపడుతుందా లేదా చూడండి.

మూడో ఫోటో: చీకటి. తీజ్ పాటలు, ఆటలు రాత్రిపూటే కదా. ఒక్క బల్బు వెలుగులో ఐ.ఎస్.ఓ. 100, 400, 1600 పెట్టి మూడు తీయండి. ఎక్కడ ముఖం మైనంలా మారుతుందో అదే ఆ కెమెరా హద్దు. దాన్ని చీటీ మీద రాసి కెమెరాకు అంటించండి. ఫ్లాష్ వేస్తే అద్దాలన్నీ తిరిగి కెమెరానే కొడతాయి, ముఖం పాలిపోతుంది.

నాలుగో ఫోటో: అంచులు. ఎమ్మిగనూరు మగ్గం దుప్పటి, గళ్ళది, గోడకు బిగించి కట్టి ఎదురుగా తీయండి. గళ్ళు అంచుల్లో వంగితే, మూలల్లో మసకబారితే లెన్సు సంగతి తెలిసిపోతుంది. బట్టలో లేని అలల చారలు ఫోటోలో కనపడితే, అలాంటి బట్టను కొంచెం దూరం మార్చి తీయాలని గుర్తుపెట్టుకోండి.

ఈ నాలుగూ అయ్యాక అచ్చు వేయించండి. కెమెరా తెర చిన్నది, అది అందరినీ అందంగానే చూపిస్తుంది. గోడకు పెట్టుకునే 8 బై 10 అంగుళాల ఫోటోకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 7.2 మెగాపిక్సెళ్ళు చాలు. అంటే మీ ఇంట్లోని పాత 8 మెగాపిక్సెల్ కెమెరా కూడా పనికి రావచ్చు. ఆ అచ్చును కుట్టు తెలిసిన యాడికి ఇచ్చి, "ఇదేం కుట్టు యాడీ?" అని అడగండి. ఆమె వేలు పెట్టి చూపించి పేరు చెప్పగలిగితే కెమెరా గెలిచినట్టు. ఆమె కళ్ళు చిట్లించి, "ఏమో బిడ్డా, తెలీటం లేదు" అంటే, ఆ కెమెరా ఎంత ఖరీదైనదైనా ఓడినట్టు.

ఈ కుట్టు విలువ మనకు తెలియాలి. మన పక్కనే బళ్ళారి జిల్లా సండూరులోని లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. మన తండాల కుట్టు ఎలా ఉండేదో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర కనపడే ఫోటో ఉండాలి.

తీసినవి పాడుచేసుకోవద్దు. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైళ్ళు రెండు చోట్ల దాచండి. కెమెరాలో తేదీ సరిచేసుకోండి. ఎవరిని తీసినా ముందు అడిగి తీయండి, ఒక అచ్చు వాళ్ళ చేతిలో పెట్టండి.

1940లలో ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆయన నల్లమల చెంచులను, ఆదిలాబాద్ గోండులను ఫోటోలు తీశారు. అవి ఇవాళ లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. ఆయన తీశారు కాబట్టి మనం చూడగలుగుతున్నాం, అందుకు కృతజ్ఞతలు. కానీ మన యాడి ముఖం మన ఇంట్లో, మనం తీసిన ఫోటోలో ఉండాలి. నన్ను అడిగిన ఆ పిల్లోడి మాట మన పిల్లలెవరి నోటా రాకూడదు.

వచ్చే శ్రావణం తీజ్‌లోపు ఈ నాలుగు ఫోటోల పరీక్ష ప్రతి తండాలో చేయండి. అచ్చులు పట్టుకుని ఆదోనికి రండి, కలిసి చూద్దాం.